ఖాళీ పేజీకి ఒక చిరునామా

విజయవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్లి మంచి స్కెచ్ పుస్తకం కొన్నారు. రంగులు, రెండు రకాల బ్రష్షులు, జిగురు, అంచుల్ని వంకీలుగా కోసే కత్తెర కూడా కొన్నారు. ఎవరెవరో చేసిన ఆర్ట్ జర్నల్ పేజీలు ఫోన్లో చూసి ముచ్చటపడ్డారు: పాత కాగితాల ముక్కలు, గుడ్డ పేలికలు, వాటి మీదుగా పాకిన రంగు, మధ్యలో నాలుగు వరసల చేతిరాత. తీరా మీ పుస్తకం తెరిచాక చెయ్యి ఆడలేదు. అంత ఖరీదైన కాగితం పాడవుతుందేమోనని మూసేశారు. ఇప్పుడది బీరువాలో చీరల కింద ఉంది. మీ సంగతి ఇదేనా? అయితే ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక్కటే. ఆ పుస్తకాన్ని అక్కడే ఉండనివ్వండి. ముందు ఒక మనిషికి ఒక ఉత్తరం తయారుచేసి పోస్టులో వేయండి. పుస్తకం సంగతి తర్వాత.

ఎందుకిలా అంటున్నాను? ఖాళీ పేజీ ముందు చెయ్యి ఆగిపోతే దాన్ని ధైర్యం లేకపోవడమనో, కళ రాకపోవడమనో అనుకుంటాం. నా ఉద్దేశంలో ఆ రెండూ కావు. ఆ పేజీ మీద తేలని ప్రశ్నలు మరీ ఎక్కువ. ఎవరి కోసం, దేని గురించి, ఎంత మేర, ఎప్పటికి పూర్తయినట్టు? ఈ నాలుగూ మీరే తేల్చుకోవాలి, అదీ రంగు ముట్టకముందే. అదే ఒక కార్డును అవనిగడ్డలో ఉన్న మేనత్తకు పంపాలనుకోండి. ఎవరికో తేలిపోయింది. ఏం చెప్పాలో ఆవిడకూ మీకూ మధ్య ఉన్న చుట్టరికమే చెబుతుంది. ఎంత మేర అన్నది కార్డు కొలతే చెబుతుంది. ఎప్పటికి అంటే, రేపు పోస్టు డబ్బా తీసే వేళకు. నాలుగు ముళ్లూ ఒక్క చిరునామాతో విడిపోతాయి. ఇంకో మేలు కూడా ఉంది. ఉత్తరం మన చేతిలోంచి వెళ్లిపోతుంది. వెళ్లిపోయేదాన్ని పదేపదే తెరిచి, అక్కడ గీత వంకరపోయిందే అని బాధపడటం కుదరదు.

ఇదంతా పరదేశపు సరదా కదా, మనకెందుకు అంటారా? మిక్స్‌డ్ మీడియా, మెయిల్ ఆర్ట్ అన్న పేర్లు కొత్తవే. పని మాత్రం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. శుభలేఖ అచ్చు వేయించి తెచ్చాక ఊరికే పంచిపెట్టం. కూర్చుని, తడిపిన పసుపు వేలితో అద్ది నాలుగు మూలలా రాస్తాం. ప్రెస్సులో అచ్చయిన వెయ్యి కార్డులూ ఒక్కటే అయినా, ఆ వేలిముద్ర ఏ రెండిటి మీదా ఒకేలా ఉండదు. అందుకున్నవాళ్లకు ఒక్క అక్షరం చదవకముందే ఇది మంచి కబురని తెలిసిపోతుంది. చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని చదవగానే చింపేసేవాళ్లు, ఇంట్లో ఉంచుకునేవాళ్లు కాదు. కాగితానికి ఏం పూశాం, దాన్నేం చేశాం అన్నదే సగం మాట అని మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. మెయిల్ ఆర్ట్ అంటే అంతే.

ఉత్తరం రాయడమూ బొమ్మ వేయడమూ ఒకే చేతి పని అనుకున్న మనిషి ఈ కృష్ణా డెల్టాలోనే ఉండేవారు. సంజీవదేవ్ (1914–1999) హిమాలయాలదాకా తిరిగి, కులూ లోయలో చిత్రకారుడు నికొలస్ రోరిక్ కుటుంబంతో గడిపి వచ్చి, దుగ్గిరాల దగ్గరి తుమ్మపూడిలో స్థిరపడ్డారు. బొమ్మలు వేశారు, కళ గురించి రాశారు, ఆ పల్లెలో కూర్చునే దేశ విదేశాల రచయితలతో, చిత్రకారులతో ఉత్తరాలు నడిపారు. ఆయన లేఖలు పుస్తకాలుగానూ వచ్చాయి. శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ శిష్యులకూ స్నేహితులకూ కార్డుల మీద బొమ్మలు వేసి పంపేవారు. న్యూయార్క్‌లో రే జాన్సన్ (1927–1995) అనే కళాకారుడు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. సగం చేసిన కాగితం పంపి, దీనికి మీరేదైనా కలిపి తిరిగి పంపండని అడిగేవాడు. ఈ ముగ్గురి పద్ధతులూ వేరు, ఊళ్లూ వేరు. కానీ ముగ్గురికీ ఎదుట ఒక మనిషి ఉన్నాడు.

ఇక పనిలోకి దిగుదాం.

1. రంగు కంటే ముందు మాట ఎంచుకోండి

చాలామంది చేసే మొదటి పొరపాటు, ఇంట్లో ఉన్న అందమైన ముక్కలన్నీ ముందేసుకుని ఏది దేని పక్కన బాగుంటుందా అని పేర్చడం. గంట గడిచినా ఏదీ నచ్చదు, ఎందుకంటే దేనికోసం నచ్చాలో తెలియదు. దానికి బదులు ఒక చిత్తు కాగితం మీద ఆ మనిషికి చెప్పాల్సిన ఒకే ఒక్క వాక్యం రాయండి. అత్తయ్య ఉదాహరణే తీసుకుందాం. ‘ఈసారి ఆవకాయ మీరు చెప్పిన కొలతతోనే పట్టాం, అత్తయ్యా.’ ఈ వాక్యం దొరికిందా, సరుకంతా దానంతటదే వచ్చి చేరుతుంది. ఆవిడ ఎప్పుడో చెప్పగా రాసుకున్న ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు కొలతల చీటీ ఉంటుంది. దాన్ని జెరాక్స్ తీయించి కార్డంతా అతికిస్తే అదే నేల. దాని మీద మామిడాకు అచ్చు. కారం రంగుకు దగ్గరి ఎరుపు ఒక అంచున. ఆ ఒక్క వాక్యం చేతిరాతతో, ఆకు ఈనెల వెంట. మరి చీటీ మీద అసలు పచ్చడి మరకే పెడితే ఇంకా సహజంగా ఉంటుంది కదా? వద్దు. నూనె తగిలిన చోట జిగురు పట్టదు, రంగు నిలవదు, కవరులో మిగతా కాగితాలకూ జిడ్డు పాకుతుంది. నూనె మరకలాంటి రంగు వేయొచ్చు, నూనె మాత్రం వేయొద్దు.

2. సరుకు ఊళ్లోనే ఏరుకోండి

విదేశీ వీడియోల్లో చూపించే కాగితాలు, స్టిక్కర్లు తెప్పించుకోవాలంటే వేలు ఖర్చవుతాయి, పైగా మీ పేజీ వాళ్ల పేజీలాగే ఉంటుంది. విజయవాడలో ఉన్నవాళ్లకు అంతకంటే మంచి గని ఉంది. ఊరంతా ప్రెస్సులే. శుభలేఖలు అమ్మే దుకాణాల్లో కిందటి ముహూర్తాల నమూనా కార్డులు మిగిలిపోతాయి. ప్రెస్సుల్లో కోత యంత్రం కింద మందపాటి అట్ట ముక్కలు రాలుతుంటాయి. అడిగితే చాలాచోట్ల ఇచ్చేస్తారు. దర్జీ దగ్గర జాకెట్టు ముక్కలు, పెడన వైపు వెళితే కలంకారీ పేలికలు, ఇంట్లో నెల తిరిగిపోయిన తిథుల క్యాలెండర్ కాగితం, విత్తనాల పొట్లం, అరటి నార. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల వాళ్ల దగ్గర అట్టలూడిన పుస్తకమొకటి కొంటే ఏడాదికి సరిపడా కాగితం.

అయితే ఏరుకున్న ప్రతిదీ పనికిరాదు. ఆర్టీసీ కండక్టరు మిషన్ నుంచి వచ్చే టికెట్టు, ఏటీఎం చీటీ, సూపర్ మార్కెట్ బిల్లు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. వాటి అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, విజయవాడ ఎండల్లో ఇంకా త్వరగా. ప్రయాణపు గుర్తు కావాలంటే జెరాక్స్ తీసి అది అతికించండి. న్యూస్‌ప్రింట్ పసుపుపచ్చబడి పెళుసెక్కుతుంది. ఉత్తరానికి ఫరవాలేదు, దాచుకునే పేజీకి ఆలోచించండి. పసుపు రంగు కోసం వంటింటి పసుపే వాడితే మొదట్లో కళ్లు చెదిరిపోతుంది, వెలుతురు తగిలితే వెలవెలపోతుంది. కాబట్టి దాన్ని కవరు లోపలి భాగానికి ఉంచుకోండి. అక్కడ ఒక చిన్న పని చేసి చూడండి. పసుపు పూసి ఆరిన కాగితం మీద సున్నపు తేట ముంచిన పుల్లతో పేరు రాస్తే, రాసిన మేరకే ఎర్రబడుతుంది. పేరంటంలో పారాణి కలిపే ప్రతి ఇంటికీ తెలిసిన రసాయనమే ఇది. గుడ్డ విషయంలో ఇంకో మాట. కలంకారీ పేలికను ఉన్నదున్నట్టు కోస్తే దారాలు ఊడి, జిగురులో చిక్కుకుని, అంచు అసహ్యంగా తయారవుతుంది. ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. అప్పుడది కాగితంలా కోతకు లొంగుతుంది.

3. బొమ్మ వేయడం రాదా? అచ్చు వేయండి

అందరూ చెప్పే మొదటి అభ్యంతరం ఇదే, దీనికి జవాబు బందరు పక్కనే ఉంది. పెడనలో కలంకారీ వేసే కార్మికుడు గుడ్డ మీద పువ్వును గీయడు. టేకు చెక్కలో చెక్కిన అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి గట్టిగా నొక్కుతాడు. గీతలకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. అచ్చు చెక్కేవాడి నేర్పు వేరు, వేసేవాడి నేర్పు వేరు. వేసేవాడి నేర్పంతా ఒక అచ్చు పక్కన ఇంకోటి ఎక్కడ కూర్చోవాలో కనిపెట్టడంలో ఉంది. శతాబ్దాల పాటు సముద్రాలు దాటి వెళ్లిన గుడ్డకు ఈ నేర్పు పునాది అయినప్పుడు, మీ కార్డుకు చాలదా?

ఇంట్లో అచ్చులకేం కొదవ? బెండకాయను తొడిమ వైపు అడ్డంగా కోస్తే రేకుల పువ్వు. అరటి దూట కోస్తే చుట్టలు చుట్టలుగా గీతలు. బంగాళాదుంపను సగానికి కోసి చాకుతో చెక్కితే మీకు కావలసిన ఆకారం. కోసిన ముఖాన్ని గుడ్డతో తడి లేకుండా అద్దాలి, లేకపోతే రంగు కాగితం మీద చెరువు కడుతుంది. పళ్లెంలో తడి గుడ్డను నాలుగు మడతలు పెట్టి దాని మీద పోస్టర్ రంగు పూస్తే అదే మీ రంగు దిండు. అచ్చు వేసే కాగితం కింద పాత దుప్పటి మడత పెట్టండి. గట్టి బల్ల మీద వేస్తే అచ్చు మధ్యలో ఎప్పుడూ తెల్లమచ్చ మిగులుతుంది, మెత్తటి మడత ఉంటే ముఖమంతా సమంగా తాకుతుంది. మొదటి అచ్చు బాగా రాదు, దాన్ని కార్డు మీద వేయకండి. చిత్తు కాగితం మీద మూడు నాలుగు వేసి, రంగు తగ్గి గీతలు తేటపడ్డాక కార్డు మీదకు రండి. ఆ చిత్తు కాగితాలు పారేయకండి. వాటితో తర్వాత పెద్ద పనుంది.

కొంచెం ఓపిక ఉన్నవాళ్లకు ఇంకొకటి. కలంకారీ నలుపు డబ్బాలో కొనే నలుపు కాదు. ఇనుప ముక్కలు బెల్లపు నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమి, కరక్కాయ పట్టించిన గుడ్డను తాకినప్పుడు పుట్టే నలుపు. కాగితం మీద కూడా ఇది పనిచేస్తుంది. రెండు కరక్కాయలు నలగ్గొట్టి రాత్రంతా గ్లాసు నీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ నీటిని మందపాటి కార్డు మీద పూసి ఆరనివ్వండి. లేత గోధుమరంగు వస్తుంది. తుప్పు మేకుల్ని నాలుగు రోజులు వెనిగర్లో ఉంచితే వచ్చే నీటిలో పుల్ల ముంచి దాని మీద గీయండి. గీసేటప్పుడు నీళ్లలాగే ఉంటుంది. పుల్ల వెనకాలే బూడిదరంగు తేలి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఈ నలుపుకు ఒక దుర్గుణం ఉంది: చిక్కగా వేస్తే ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. పలచగా, మందపాటి కార్డు మీదే వాడండి.

4. జిగురు కంటే తేమను పట్టించుకోండి

కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మకు చేతులూ కాళ్లూ అతికించడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద వాడతారు. అంటే అతుకు నిలవాలంటే అంగడి జిగురే కావాలనేం లేదు. కాగితానికి మైదా పిండి చాలు. ఒక చెంచా మైదా, ఆరేడు చెంచాల నీళ్లు ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉంటే తెల్లదనం పోయి అద్దంలా అవుతుంది. అప్పుడు దించాలి. బైండింగు చేసేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ పూటకాపూట కొంచెం కాచుకోండి, అంతే. సీసా జిగురు వాడితే కాసిన్ని నీళ్లు కలిపి బ్రష్షుతో పలచగా పూయండి. గొట్టం నుంచి నేరుగా పిండితే అది ఆరిన చోట కాగితం ముడతలు పడుతుంది.

అసలు చిక్కు ఆరబెట్టడంలో వస్తుంది. వైశాఖంలో ఫ్యాను కింద పెడితే పై పొర ముందు ఆరి కార్డు దోనెలా వంగుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా, ముఖ్యంగా తుఫాను రోజుల్లో, మూడు రోజులైనా లోపల తడి ఉండి బూజు పడుతుంది. రెండింటికీ మందు ఒక్కటే: బరువు. అతికించాక పైనా కిందా పాత దినపత్రికలు వేసి, మీద నాలుగు లావు పుస్తకాలు పెట్టండి. గంటకోసారి ఆ పత్రికలు మార్చండి, తడిని అవే పీలుస్తాయి. కార్డు అప్పటికీ ఒకవైపుకు లాగుతోందా? వెనక వైపు కూడా అంతే కాగితం అతికించండి. బైండింగు పనిలో అట్టలు తిన్నగా ఉండటం వెనక కిటుకు ఇదే, రెండు వైపులా లాగుడు సమానమైతే వంగదు. వానాకాలంలో రెండు పొరలకు మించి అతికించకపోవడం మేలు.

5. తపాలాకు తలవంచండి

‘ఇంత కష్టపడి చేస్తే పోస్టులో నలిగిపోదా?’ నలగొచ్చు. చినుకు పడొచ్చు. పోస్టాఫీసు ముద్ర మీ పువ్వు మీద పడొచ్చు. ఈ భయానికి నా జవాబు రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటిది, ముద్ర, మడత, మరక అన్నీ ఆ కాగితం నిజంగా ప్రయాణం చేసిందనడానికి సాక్ష్యాలు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే క్షణంలో చేరుతుంది, నిజమే. కానీ అత్తయ్య చేతికి గంజి పెట్టిన గుడ్డ గరుకుదనం తగలదు. రెండోది, నియమాలు తెలిస్తే సగం నష్టం తప్పించుకోవచ్చు.

మన దేశంలో పోస్టుకార్డు 1879లో మొదలైంది. ఇప్పటికీ 50 పైసలే. దాని మీద చిరునామాకు వదిలిన కుడి సగాన్ని ముట్టుకోకండి. మిగతా సగంలోనూ పలచటి అచ్చులు, రంగులు తప్ప ఎత్తుగా అతుకులు వద్దు. ఇన్‌లాండ్ లెటర్‌లో వేరే కాగితం ఏదీ పెట్టకూడదు. అది దాని మీదే రాసి ఉంటుంది, అయినా లోపల ఫోటో పెట్టి పంపేవాళ్లున్నారు. అతుకులున్న పనికి కవరే సరి. 20 గ్రాముల దాకా 5 రూపాయలు. లెక్క చూడండి: అతుకులు లేని 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు శుభలేఖ అట్ట సుమారు 5 గ్రాములుంటుంది. కవరు ఇంకో 5. గుడ్డకూ జిగురుకూ మీకు బోలెడు చోటుంది. చమ్కీలు, పూసలు, గుండీలు మాత్రం వద్దు. దొంతరలో పక్క ఉత్తరాలను చించుతాయి, ముద్ర దెబ్బకు పగులుతాయి. స్టాంపు పైన కుడి మూలనే, పాత స్టాంపులతో అలంకారం చేయాలనుంటే కవరు వెనక. చిరునామా బాల్ పెన్నుతో రాయండి. చాలా జెల్ పెన్నుల రాత ఒక్క చినుకుకే కరుగుతుంది. రాశాక దాని మీద కొవ్వొత్తి రుద్దితే నీళ్లు జారిపోతాయి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది లగాయతు ఆ ఆరంకెలే ఉత్తరానికి దారి. ఎంత అలంకరించినా వాటి చుట్టూ తెల్లటి జాగా వదలండి. పోస్ట్‌మ్యాన్ ఒక్క చూపులో చదవగలిగితేనే అది మంచి పని.

డల్లాస్‌లో ఉన్న కొడుక్కో, మెల్‌బోర్న్‌లో ఉన్న స్నేహితురాలికో పంపుతుంటే ఎండుటాకులు, గింజలు, వరి వెన్నులు పెట్టకండి. మొక్కల సరుకు మీద అక్కడ తనిఖీ గట్టిది. ఆకుకు బదులు ఆకు ముద్ర పంపండి. ఆకును ఈనెల వైపు పైకి పెట్టి, పలచటి కాగితం కప్పి, క్రేయాన్ అడ్డంగా రుద్దితే ప్రతి ఈనె తేలుతుంది.

జవాబు రాకపోతే? ఇదీ అడుగుతారు, అడగాల్సిందే. ఈ రోజుల్లో చాలామందికి ఉత్తరం రాసే అలవాటు పోయింది. అందుకే రే జాన్సన్ దారి పనికొస్తుంది. కవరులో మీ చిరునామా రాసి, స్టాంపు అంటించిన రెండో కార్డు పెట్టండి. దాని మీద ఒక మూల మాత్రమే మీరు నింపి, ‘మిగతాది మీరు’ అని రాయండి. బొమ్మ రాదంటారేమో, అందుకని ‘మీ పెరట్లో ఇవాళ కనిపించిన రంగేదో పూసి పంపండి చాలు’ అని కూడా రాయండి. అంత చిన్న కోరికను కాదనడం కష్టం.

6. ఇప్పుడు పుస్తకం తీయండి

కార్డు వెళ్లిపోయింది. బల్ల మీద ఏం మిగిలింది? అచ్చు సరిచూసుకున్న చిత్తు కాగితాలు. బ్రష్షు తుడిచిన దినపత్రిక ముక్క. ఆకు ఆకారం కోసి తీసేయగా మధ్యలో ఆకంత కిటికీ మిగిలిన కాగితం. మొదట ఆ ఒక్క వాక్యం రాసుకున్న చీటీ, దానిలో కొట్టివేతలు. కార్డు కింద పరిచిన కాగితం మీద అంచులు దాటి పారిన రంగు, మధ్యలో కార్డంత తెల్లటి గడి. వీటిని చూడండి. ఫోన్లో మీరు ముచ్చటపడిన పేజీలు ఇలాగే ఉండేవి కాదూ? వాటిలోని తేలికదనం కావాలని తెచ్చుకుంటే రాదు. వేరే పని మీద మనసు పెట్టినప్పుడు పక్కన పడ్డ గుర్తుల్లో అది దానంతటదే ఉంటుంది. అందుకే పుస్తకాన్ని ముందు తెరవొద్దన్నాను.

ఆ కింది కాగితాన్నే మొదటి పేజీ మీద పరిచి అతికించండి. ఆకు కిటికీని దాని మీద పెడితే వెనక రంగు ఆకు ఆకారంలో కనబడుతుంది. చీటీని ఒక పక్కగా. సరిగా రాని అచ్చుల్లో ఒకటి చాలు, అన్నీ వద్దు. తేదీ, ఎవరికి, ఎక్కడికి అని రాయండి. పేజీ నిండలేదని కంగారు పడొద్దు. నిండని చోట శుభలేఖ కవరు సగానికి కోసి, మూడు అంచులా అతికించి జేబు చేయండి. దాని మీద పెన్సిలుతో ‘అవనిగడ్డ’ అని రాసి ఖాళీగా ఉంచండి. జవాబు కార్డు వచ్చినప్పుడు పడేది అందులోనే, వచ్చిన కవరు మీది స్టాంపూ ముద్రా కోసి పెట్టేది దాని పక్కనే. ఈలోగా గుడివాడలో ఉన్న చిన్నప్పటి స్నేహితుడికి చెప్పాల్సిన వాక్యం ఏమిటో ఒక చిత్తు కాగితం మీద రాసి చూడండి.